చెరువు కూడా సంతానమే



మన పెద్దలు సప్తసంతానములను చెప్పిరి. పుత్రుడు, తటాకము, దేవాలయము, వనము, అగ్రహారము, ప్రబంధము, ధననిక్షేపము. కన్నబిడ్డ సరసన చెరువును ఏల నిలిపిరి? కనుట ఒకనాటి మాట, పెంచుట నిత్యకృత్యము. చెరువు విషయమును అంతియే.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు వద్ద క్రీ.శ. 1369 నాటి శాసనము కలదు. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు ఆ చెరువును నిర్మింపజేసెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేయగా రెండేండ్లకు పూర్తియైనది. మంచి చెరువునకు పన్నెండు అంగములను, విడువదగిన ఆరు దోషములను ఆ శాసనము చెప్పుచున్నది. కట్ట నుండి నీరు ఊరుట ఒక దోషము. నీరు స్వల్పము, భూమి విస్తారము అగుట మరియొకటి; నీరు విస్తారము, భూమి స్వల్పము అగుట వేరొకటి. కరవును, వరదను రెండింటిని ముందే తూచిన జ్ఞానమిది.

చెరువునకు తూము దానము వంటిది. పొలమునకు కొలిచి ఇచ్చును. మత్తడి త్యాగము వంటిది. మితిమీరిన నీటిని విడిచి కట్టను కాపాడును. గొలుసుకట్టు చెరువులలో ఆ నీరే క్రింది చెరువునకు చేరును. పూడిక నిండిన చెరువు వానలలో త్వరగా పొంగును, ఎండలలో త్వరగా ఎండును. నిర్లక్ష్యము ఒకటే, ఆపదలు రెండు!

మన గోలేటి ఉన్న పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోనిదే కడెం ప్రాజెక్టు. 2022 జూలైలో దానికి సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చెను. ఉన్న 18 గేట్లు విడువగలిగినది 3 లక్షలే. అందొక గేటు తెరచుకొననే లేదు. దిగువ గ్రామములవారు ఇండ్లు విడువవలసి వచ్చినది. దైవానుగ్రహమున ఆనకట్ట నిలిచినది. అయినను, ఆపదవేళ మ్రొక్కుటకు ముందే గేటునకు నూనె పెట్టుట మానవధర్మము కాదా?

2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి, ఆ మట్టిని పొలములకు తోలిరి. కాని ప్రతి వానకును పూడిక మరల చేరును. బిడ్డకు ఒకనాడు పెట్టిన అన్నము ఏడాదికి చాలునా?

బతుకమ్మను సాగనంపుటకు చెరువు గట్టునకు పోవుచున్నాము. మృగశిర కార్తెకు ముందును ఒకసారి పోవుదము. తూము పనిచేయునో, మత్తడికి అడ్డున్నదో, కట్టపై చెట్ల వేళ్లు దిగినవో చూతము. లోపమున్నచో పెద్దలకు, అధికారులకు తెలుపుదము. ఇదియు గంగాపూజయే.