పండ్ల ఈగ రక్తం నేర్పే పాఠం

డిగ్రీలో జీవశాస్త్రం తీసుకున్న పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చి "మా ల్యాబ్‌లో ఈగల మీద పని చేస్తున్నాం" అని చెబితే, పెద్దలు కొంచెం కంగారు పడటం సహజం. "ఈగలు చూసుకుంటూ కూర్చుంటే రేపు ఏం చేస్తావు?" అని అడుగుతారు. అది ప్రేమతో అడిగే ప్రశ్నే. దానికి జవాబుగా ఆ ఈగలో రోగనిరోధక రక్తకణాలు ఎలా తయారవుతాయో తెలుసుకుందాం. చివరకు ఇది మన రక్తం కథ కూడా అవుతుంది.

మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగే పండ్ల ఈగ. శాస్త్రీయ నామం డ్రోసోఫిలా మెలనోగాస్టర్. పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. 25 డిగ్రీల ఉష్ణోగ్రతలో గుడ్డు పెద్ద ఈగగా మారడానికి దాదాపు 10 రోజులు చాలు. ఒక సీసాలో వందలకొద్దీ పెంచవచ్చు. 1910లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్ తెల్ల కళ్ల ఈగను గమనించి, జన్యువులు క్రోమోజోములపై ఉంటాయని చూపే దారి వేశారు. 1933లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఈగ రక్తం ఎలా ఉంటుంది?

ఈగకు మనలాగా ఎర్ర రక్తకణాలు లేవు. ఆక్సిజన్ సన్నని గాలి గొట్టాల ద్వారా నేరుగా శరీర భాగాలకు చేరుతుంది. శరీరమంతా నిండి ఉండే ద్రవాన్ని హిమోలింఫ్ అంటారు. అందులో తిరిగేవి రక్షణ కణాలే. మన శరీరం టీకా వేశాక తయారు చేసుకునే యాంటీబాడీల వంటివి ఈగకు లేవు. ఉన్న కొద్దిపాటి సైన్యంతోనే నెట్టుకు రావాలి.

ఆ సైన్యంలో మూడు రకాల కణాలున్నాయి.

మొదటివి ప్లాస్మాటోసైట్లు. డింభక దశలో రక్తకణాలలో సుమారు 95 శాతం ఇవే. బాక్టీరియాను, చనిపోయిన కణాలను మింగివేస్తాయి. మన శరీరంలోని మాక్రోఫేజ్‌ల వంటివన్నమాట.

రెండవవి క్రిస్టల్ కణాలు. గాయమైనప్పుడు ఇవి పగిలి, లోపల స్ఫటికాల రూపంలో దాచుకున్న పదార్థాన్ని వదులుతాయి. దానివల్ల గాయం దగ్గర నల్లని మెలనిన్ ఏర్పడి, పక్కు కట్టినట్లు అవుతుంది.

మూడవవి లామెల్లోసైట్లు. ఆరోగ్యంగా ఉన్న డింభకంలో ఇవి దాదాపు కనిపించవు. ఒక జాతి చిన్న కందిరీగ డింభకం శరీరంలోకి సూదిలాంటి అవయవం గుచ్చి గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు పొదిగితే కందిరీగ పిల్ల ఈగను లోపలినుంచే తినేస్తుంది. అటువంటి ఆపదలోనే ఈ వెడల్పైన, పలుచని కణాలు పుట్టుకొస్తాయి. గుడ్డు చుట్టూ పొరలు పొరలుగా అతుక్కుని, ఊపిరాడకుండా చేసి చంపుతాయి.

రెండు విడతలుగా పుట్టుక

ఈ కణాలు రెండు విడతలుగా పుడతాయి. మొదటి విడత గుడ్డులోని పిండంలో, తల భాగంలోని మధ్యత్వచం నుండి వస్తుంది. ఆ కణాలు శరీరమంతా సర్దుకుని, కొన్ని పెద్ద ఈగ దశ వరకు బతికి ఉంటాయి. రెండవ విడత డింభకంలో, గుండె గొట్టానికి ఇరువైపులా ఉండే లింఫ్ గ్రంథిలో తయారవుతుంది. మనిషిలోనూ రక్తం ఒకేచోట పుట్టదు. పిండ దశలో మొదట పచ్చసొన సంచిలో, తరువాత కాలేయంలో, చివరకు ఎముక మజ్జలో పుడుతుంది.

లింఫ్ గ్రంథి ముందు భాగంలో మూడు ప్రాంతాలు ఉంటాయి. లోపలి భాగంలో ఇంకా ఏ పనికీ కేటాయించబడని మూల దశ కణాలు ఉంటాయి. బయటి అంచున పనికి సిద్ధమైన కణాలు ఉంటాయి. ఒక మూలన కొద్ది కణాల చిన్న గుంపు ఉంటుంది. అది రసాయన సంకేతాలు పంపుతూ "ఇంకా తొందరపడవద్దు" అని లోపలి కణాలను నిలిపి ఉంచుతుంది.

మన రైతుల ఇళ్లలో విత్తనపు వడ్లు విడిగా దాచడం పెద్దవారికి తెలుసు. ఆకలేసినా వాటి జోలికి పోరు. అవి తింటే వచ్చే ఏడు పంట లేదు. లింఫ్ గ్రంథి చేసేది అదే పని. మామూలు రోజుల్లో ఈ గ్రంథి కణాలు బయటకు రావు. డింభకం ప్యూపాగా మారేటప్పుడు గ్రంథి విచ్చుకుని వాటిని వదులుతుంది. కందిరీగ దాడి చేస్తే మాత్రం సమయానికి ముందే గ్రంథి విచ్చుకుంటుంది. దాచిన కణాలు లామెల్లోసైట్లుగా మారి యుద్ధానికి వస్తాయి.

వాసనకూ రక్తానికీ సంబంధం

2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని ఉత్పల్ బెనర్జీ బృందం ఒక ఆశ్చర్యకరమైన విషయం ప్రకటించింది. డింభకం ఆహారపు వాసన పీల్చినప్పుడు మెదడు నుండి గాబా అనే పదార్థం రక్తంలోకి విడుదలవుతుంది. అదే ఆ మూల దశ కణాలను నిలిపి ఉంచుతుంది. వాసన తెలియని డింభకాలలో నిల్వ తొందరగా ఖర్చయిపోతుంది. 2020లో బెంగళూరులోని ఇన్‌స్టెమ్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మరో అడుగు వేశారు. కందిరీగ వాసన మధ్య పెరిగిన డింభకాలు, దాడి జరిగినప్పుడు ఎక్కువ లామెల్లోసైట్లను తయారు చేయగలవని చూపారు. శత్రువు వాసన తగలగానే సైన్యం సిద్ధమవుతుందన్నమాట.

అదుపు తప్పితే?

ఇప్పుడు పెద్దల ప్రశ్నకు వద్దాం. ఈ కణాలు ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే జన్యువులలో జాక్ అనే కుటుంబానికి చెందినది ఒకటుంది. ఈగలో ఆ జన్యువు దెబ్బతిని ఆగకుండా పని చేస్తే రక్తకణాలు విపరీతంగా పెరిగి, ల్యుకేమియా వంటి స్థితి వస్తుందని 1995లో పరిశోధకులు చూపారు. పదేళ్ల తరువాత, 2005లో, మనుషులలో ఎర్ర కణాలు మితిమీరి పెరిగే ఒక రక్తవ్యాధి రోగులను పరీక్షిస్తే, చాలామందిలో అదే కుటుంబానికి చెందిన జాక్-2 జన్యువులో మార్పు కనిపించింది. 2011లో జాక్‌ను అడ్డుకునే రుక్సోలిటినిబ్ అనే మందుకు, దానికి దగ్గరి జబ్బైన మైలోఫైబ్రోసిస్ చికిత్స కోసం అమెరికాలో అనుమతి లభించింది.

ఈగే మందు కనిపెట్టిందని అనడం సరికాదు. ఎలుకల మీద, మానవ కణాల మీద, రోగుల మీద ఎందరో చేసిన కృషి అందులో ఉంది. కానీ ఆ జన్యువు అదుపు తప్పితే రక్తం ఏమవుతుందో మనిషిలో తెలియడానికి పదేళ్ల ముందే ఈగలో కనిపించింది. ఈగకూ మనకూ రక్తాన్ని అదుపు చేసే జన్యువులలో చాలావరకు పోలిక ఉండటమే అందుకు కారణం.

విద్యార్థులకు ఒక మాట. ఈ రంగంలోకి రావడానికి డాక్టరు సీటు అవసరం లేదు. బి.ఎస్‌సి.లో జంతుశాస్త్రం గాని, జన్యుశాస్త్రం గాని, జీవరసాయన శాస్త్రం గాని చదివి, ఎం.ఎస్‌సి., తరువాత పరిశోధన వైపు వెళ్లవచ్చు. మీరు కన్నడంలో చదివినా, తమిళంలో చదివినా, ఒడియా, మరాఠీలలో చదివినా సూక్ష్మదర్శిని కింద కనిపించేది ఒకటే. కావలసింది ఓపిక, చూసినది చూసినట్లు రాసుకునే అలవాటు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ అమ్మాయో, అబ్బాయో ఈసారి ఇంటికి వచ్చి ఈగల మాట ఎత్తితే, "ఏం చూశావు?" అని అడగండి. వారు చెప్పేది మీ రక్తం గురించే కావచ్చు.