విశాఖలో కురుసుర దర్శనము

విశాఖపట్టణమున రామకృష్ణా సముద్రతీరమునందు కురుసుర యను జలాంతర్గామి కలదు. 1969లో నౌకాదళమున చేరి, 2001లో విశ్రాంతినొంది, 2002 నుండి ప్రదర్శనశాలయై యున్నది. సోదరీమణులము పదునేనుగురము కలసి పోయి దానిని దర్శించితిమి. నౌకాదళమున కొలువుచేసి విరమించిన పెద్దలొకరు మాకు దారిచూపిరి.

పొడవు సుమారు 300 అడుగులు. వెడల్పు 25 అడుగులకు మించదు. లోపల ఏడు భాగములు. ఒకదానినుండి మఱియొకదానికి గుండ్రని కంతలో దూరి పోవలెను; కుచ్చెళ్లు బిగించుకొని మేమును దూరితిమి. ఓడలను కూల్చు టార్పెడోల చెంతనే నావికుల పడకలు! సుమారు 75 మంది యిందు కాపురముండెడివారు. వంటయిల్లు మన పూజగదియంత లేదు. మంచినీరు కొలిచి వాడుకొనవలెను. మునిగియున్నప్పుడు బ్యాటరీలతో నడచును. అవి తఱుగగానే గాలికై పైకి వచ్చి డీజిలుయంత్రములతో నింపుకొనవలెను.

“ఇంటికి జాబు వ్రాయుటెట్లు?” అని మాలో నొకరడిగిరి.

“తీరము చేరిన పిదపనే, అమ్మా!” అనిరి.

ఈ పట్టణమునకు యుద్ధభయము క్రొత్తకాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు బాంబులు వేయగా స్త్రీలు బిడ్డల నెత్తుకొని పల్లెలకు తరలిపోయిరి. కురుసురకు చేరువనున్న విజయస్మారకము 1971 యుద్ధమునకు గుర్తు. ఆ డిసెంబరున ఘాజీ యను పాకిస్తాను జలాంతర్గామి విశాఖ చెంత మునిగెను. ఎట్లు మునిగెనో ఉభయదేశములును భిన్నముగా చెప్పును. అందలి తొంబదిమందికి పైబడిన నావికులలో నొక్కడును బ్రదుకలేదు. విజయగాథలు చెప్పువారు ఈ మాటను త్వరగా దాటవేయుదురు. మాకది సమ్మతము కాదు. వారికిని ఇండ్లలో తల్లులుండిరి.

సోమవారము తలుపులు మూయుదురు. మోకాళ్లనొప్పులవారు వెలుపలనుండి చూచుట మేలు.