పాత నాణేనికి వెల ఎట్లా వస్తుంది?

ఇంట్లో పాత పెట్టె అడుగున వెండిరూపాయి ఒకటి దొరికినప్పుడు ఎవరైనా మొదట చూసేది దానిమీది సంవత్సరం. ఎంత పాతదైతే అంత ఖరీదు అనే నమ్మకమే ఇందుకు కారణం. నాణేల వర్తకంలో వయస్సుకు ఉన్న ప్రాధాన్యం స్వల్పం. చిన్న వెండి ముక్కలపై సూర్యుడు, చెట్టు మొదలైన గుర్తులు కొట్టిన విద్ధాంక నాణేలు మౌర్యుల కాలంనాటివి. అనగా రెండువేల యేండ్లు దాటినవి. వీటిని పూర్వులు కుండలలో పోసి పాతిపెట్టటంచేత ఒక్కొక్కచోట వేలకొలది బయటపడ్డాయి. అందువల్ల వీటిలో సాధారణ రకానికంటె 1911వ సంవత్సరపు రూపాయి, అరగకుండా ఉన్నట్లయితే, తరచుగా ఎక్కువ ధర పలుకుతున్నది.

ఆ రూపాయికి ఒక కథ ఉన్నది. దానిపై ఐదవ జార్జి చక్రవర్తి దుస్తులమీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం మరీ పొట్టిగా చెక్కటంవల్ల అది పందివలె కనిపించింది. ప్రజలలో అభ్యంతరం బయలుదేరగా ప్రభుత్వం ఆ రూపాయలను ఉపసంహరించి, 1912 నుండి ఏనుగును సరిచేసి ముద్రించింది. తయారైనవి 90 లక్షలకు పైబడినా చాలా భాగం కరగిపోయాయి. కనుక ఎన్ని ముద్రించారన్నది కాక ఎన్ని మిగిలాయన్నది ముఖ్యం. మిగిలినవి కొద్దే అయినా కోరేవారు లేకపోతే ధర లేదు. ఏ దేశపు నాణేలకైనా ఆ దేశంలోనే గిరాకీ హెచ్చు.

అన్నిటికంటె ఎక్కువగా విలువను నిర్ణయించేది నాణెపు ఉపరితలం. టంకశాలలో లోహపు బిళ్ళను రెండు ఉక్కు అచ్చుల నడుమ గట్టిగా నొక్కినప్పుడు లోహం కొద్దిగా అంచులవైపు జరుగుతుంది. ఆ కదలికవల్ల కంటికి కనిపించనంత సన్నని గీతలు ఏర్పడతాయి. కొత్త నాణేన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పితే బండిచక్రపు ఆకులవలె వెలుగు చారలు తిరగటానికి ఈ గీతలే కారణం. గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడు తగిలి వెండి నల్లబడుతుంది. ఈ నలుపు సిల్వర్ సల్ఫైడు. అది నాణెంలోని వెండితోనే తయారయిన పొర. చింతపండు, ముగ్గుపిండి పెట్టి తోమినప్పుడు నలుపుతోపాటు ఆ గీతలూ పోతాయి. రాగి నాణేలలో చింతపండులోని ఆమ్లం పైనున్న ఆక్సైడు పొరను కరగించివేస్తుంది. నాణెం తళతళలాడుతుంది, కాని వేలలో పోవలసినది వందలలో పోతుంది. పోయిన గీతలను తిరిగి తెచ్చే ఉపాయం లేదు. పండుగకు ఇత్తడి సామానుతోపాటు పాత నాణేలనూ తోమే ఇండ్లలో ఎంత విలువ ఇట్లా నీళ్ళపాలయిందో!

ధర పెరిగినచోట మోసమూ పుడుతుంది. 1939వ సంవత్సరపు రూపాయి మిక్కిలి అరుదు. యుద్ధకాలంలో వెండిని పొదుపు చేయటానికి 1940లో రూపాయిలోని వెండిని నూటికి 91.7 వంతుల నుండి 50 వంతులకు తగ్గించారు. బరువు మాత్రం 11.66 గ్రాములే. 1940 రూపాయిపై అంకెలను మార్చి 1939గా చూపితే పాఠశాల ప్రయోగశాలలోనే పట్టుకోవచ్చును. నాణేన్ని సన్నని దారంతో త్రాసుకు వేలాడదీసి నీటిలో ముంచాలి. 91.7 వంతుల వెండి ఉన్న రూపాయి సాంద్రత సుమారు 10.3, అది నీటిలో 1.13 గ్రాముల బరువు కోల్పోతుంది. సగం వెండిది, సాంద్రత 9.5 కనుక, సుమారు 1.22 గ్రాములు కోల్పోతుంది. అరిగిన నాణేనికి గాలిలోని బరువును నీటిలో తగ్గిన బరువుచే భాగించి చూడాలి. అయితే 1938లోని 8ని చెక్కి 9 చేసినచో ఆర్కిమెడీసు సూత్రం ఏమీ చెప్పలేదు, లోహం ఒకటే గనుక. అక్కడ భూతద్దమే శరణ్యం.

పొలం దున్నుతుండగా నాణేల కుండ దొరికితే సంగతి వేరు. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటిన నిధి దొరికినవారు జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. కుండలోని నాణేలు వేటితో కలిసి, ఏ లోతులో దొరికాయో తెలిస్తేనే చరిత్రకారుడు వాటి కాలాన్ని నిర్ణయించగలడు. విడివిడిగా అమ్ముడుపోయిన తరువాత అదే నాణెం వర్తకునికి ఎంత విలువైనదైనా, చరిత్రకారునికి చెప్పగలిగినది చాలా తక్కువ.