జలగర్భమున విజయపురి

ఆస్ట్రియా దేశమున సరస్తీరపు హాల్‌స్టాట్ వంటి చిన్న పట్టణములను చూచుటకు యాత్రికులు సముద్రములు దాటిపోవుదురు. రాతి చెక్కడములకు పేరొందిన మన దుర్గి వాసులకు అంత శ్రమ యేల? మాచర్ల మీదుగా కృష్ణ యొడ్డు చేరిన చాలును.

క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి అచ్చటనే, నదికి కుడిగట్టున వెలసినది. విహారములు, చుట్టును మెట్లుగల రంగస్థలము, నదిలోనికి దిగు రాతి స్నానఘట్టము దాని సొంపులు. నాగార్జునసాగరము క్రింద ఆ లోయ మునుగనున్నదని 1954 నుండి 1960 వరకు విస్తారముగ త్రవ్వకములు జరిపిరి. కొన్ని కట్టడములను విప్పి, కొండపైకి చేర్చి, మరల కూర్చిరి.

నేడా కొండ ద్వీపమైనది, లాంచీలో పోవలెను. స్నానఘట్టమును అచ్చట చూడవచ్చును. మెట్లు చెక్కుచెదరలేదు. నీరు మాత్రము వానికి చాల దిగువన నున్నది.