ఆ సంతకం మాది కాదు

పోయిన ఏడాది హోసూరు వైపున్న మా తెలుగు బడికి పరిశోధకులు వచ్చారు. పిల్లల ఎత్తు, బరువు కొలిచి, రక్తహీనత చూడ్డానికి వేలి నుంచి చుక్క రక్తం తీస్తామన్నారు. అంగీకార పత్రాల కట్ట తెచ్చారు. అన్నీ ఇంగ్లీషు, తమిళంలోనే. తెలుగు తప్ప చదవలేని తల్లులు మా బడిలో ఎందరో. "వాళ్లెప్పుడొస్తారు, మీరే సంతకం పెట్టేయండి టీచర్" అన్నారు. మాలో ఒకరిద్దరం పెన్ను తీశాం కూడా.

అప్పుడే ఒకరు ఖమ్మం సంగతి ఎత్తారు.

2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. 'పాత్' అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ కలిసి చేపట్టిన అధ్యయనం అది. హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు చాలామంది అందులో ఉన్నారు. కొందరు చనిపోవడంతో గొడవై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిదే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకుంటుంది. తల్లులకు ఈ మాట మొదట చెప్పాలి. బయటపడింది వేరొకటి. పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలే ఉన్నాయి. 1,948 మీద వేలిముద్రలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఆ వార్డెన్లు చెడ్డవాళ్లేం కాదు, మాలాంటివాళ్లే. పైనుంచి చెప్పారు, పెట్టేశారు.

2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి పరిశోధనకు ముందుగా ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. కమిటీ అధ్యక్షులు ఆ సంస్థకు బయటివారై ఉండాలి. వైద్యం, చట్టం తెలిసినవారితో పాటు ఒక మామూలు మనిషి కూడా సభ్యులుగా ఉండాలి. పత్రం తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో ఉండాలి, ఒక ప్రతి వాళ్లకివ్వాలి. ఒప్పుకున్నాక కూడా ఎప్పుడైనా మానుకోవచ్చు. పిల్లల మాట కూడా అడగాలి: 12 ఏళ్లు దాటితే రాతలో, 7 నుంచి 11 ఏళ్ల వారైతే నోటిమాటగా.

మేం పెన్నులు లోపల పెట్టుకుని, కమిటీ అనుమతి కాగితం చూపించమన్నాం, తెలుగు పత్రాలు తెమ్మన్నాం. కాస్త మొహం చిట్లించారు. పది రోజులకు తెచ్చారు. శనివారం తల్లులను పిలిచి, పత్రం చదివి వినిపించాం. "చెడితే ఎవరికి ఫోన్ చేయాలి?" అని ఒకావిడ అడిగితే, నంబరు అందులోనే ఉందని చూపించాం. ఎక్కువమంది ఒప్పుకున్నారు.

ఏడో తరగతి పిల్ల ఒకతి మాత్రం, వాళ్లమ్మ సంతకం పెట్టాక కూడా, "నాకు సూదంటే భయం మేడమ్, వద్దు" అంది. ఆ పేరు కొట్టేశారు.