వాయిదాల నడుమ విశ్రాంతి

ఆదోని, ఎమ్మిగనూరు కోర్టుల్లో ప్రాక్టీసు మొదలుపెట్టిన యువ న్యాయవాది దినచర్య తేలికైనదేమీ కాదు. ఉదయం సీనియర్ ఆఫీసులో కేసు కట్టలు, పగలు వాయిదాలు, సాయంత్రం కక్షిదారులతో మాటలు. తొలి ఏళ్లలో ఆదాయమూ అంతంతమాత్రమే. అందుకే రాష్ట్ర ప్రభుత్వం 2019 డిసెంబరు 3న జూనియర్లకు నెలకు 5,000 రూపాయలిచ్చే ‘లా నేస్తం’ ప్రారంభించింది. ఇంత శ్రమించేవారికి కాసేపు క్రికెట్టో, సినిమాయో, స్నేహితులతో కబుర్లో తప్పా? కానే కాదు.

నిర్గమకాండము 23వ అధ్యాయం చూడండి. అబద్ధ సాక్ష్యం పలకవద్దని, బీదవాని వ్యాజ్యంలో న్యాయం తప్పవద్దని, లంచం ముట్టవద్దని చెప్పిన దేవుడు నాలుగు వచనాల తర్వాత ఏడవ దిన విశ్రాంతిని ఆజ్ఞాపించాడు. కోర్టూ సెలవూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి! పైగా ఆ విశ్రాంతి యజమానికి మాత్రమే కాదు. దాసి కుమారునికి, పరదేశికి, చివరికి ఎద్దుకూ గాడిదకూ.

మాధవరం నుంచి వాయిదాకు వచ్చే కూలీకి ఆ రోజు కూలి పోయినట్టే. మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోయినవారికైతే రానుపోను ఛార్జీలు అదనం. న్యాయవాది అలసత్వం వల్ల పడిన ప్రతి వాయిదా ఆ పేదవాని విశ్రాంతిని దోచుకుంటుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం ఉచిత న్యాయసహాయం కల్పించిందని చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలూ దేవుని సేవే.

యువ న్యాయవాదీ, ఆదివారం ఆరాధించు, హాయిగా సేదతీరు. అయితే శనివారం రాత్రి ఫైళ్లు మూసేముందు ఒక్క ప్రశ్న వేసుకో: ఈ వారం నావల్ల ఎవరు సేదతీరారు?