నల్లగా ఉంటే నకిలీదేనా?

మా అత్తయ్యగారి నీలం ఉంగరం వదులైందని కిందటి నెల ఓ నగల షాపుకు తీసుకెళ్లాను. షాపతను రాయిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత నల్లగా ఉందేంటమ్మా! అసలు నీలమేనా?" అన్నాడు. మామయ్యగారు పోయేముందు చేయించిన ఉంగరమది. సంగతి విన్న అత్తయ్యగారి ముఖం చిన్నబోయింది.

"పాలల్లో వేసి చూడు, పాలు నీలంగా కనిపించాలి" అంది పక్కింటావిడ. వేశాను. ఎందుకైనా మంచిదని పగిలిన గాజు ముక్క కూడా వేశాను. దాంతోనూ పాలకు నీలి ఛాయ వచ్చింది! ఇక లాభం లేదని రత్నాలు పరీక్షించే ల్యాబుకు పంపాం. సహజమైన నీలమే, అగ్నిపర్వత శిలల ప్రాంతానిదని రిపోర్టు వచ్చింది.

అదేమిటోనని పుస్తకాలు తిరగేశాను. కెంపు, నీలం అక్కాచెల్లెళ్లట. రెండూ కోరండం అనే ఖనిజమే. కాస్త క్రోమియం చేరితే కెంపు, ఇనుము, టైటానియం చేరితే నీలం. కాశ్మీరు, శ్రీలంక నీలాల్లో ఇనుము తక్కువ కనుక తేటగా ఉంటాయి. ఆస్ట్రేలియాలోని ఇన్వెరెల్, థాయ్‌లాండ్‌లోని కాంచనబురి నీలాలు బసాల్ట్ అనే నల్లరాతితో పైకొచ్చినవి. వీటిలో ఇనుము ఎక్కువ. అందుకే చాలావాటికి ముదురు సిరా రంగు.

చిత్రమేమిటంటే, లావా వీటికి కన్నతల్లి కాదు, ఎత్తుకొచ్చిన దాది మాత్రమే! భూమి లోపల ఎంతో లోతున ముందే పుట్టిన స్ఫటికాలను పైకి ఎగదన్నే లావా మోసుకొచ్చింది. దారిలో ఆ వేడికి వాటి అంచులు కొంత కరిగిపోయాయి. తర్వాత నల్లరాయి ఎండకూ వానకూ చివికి మట్టయినా, నీలాలు చెక్కుచెదరక వాగుల గులకరాళ్లలో చేరాయి. కాఠిన్యంలో వజ్రానికి 10 అయితే వీటికి 9 మరి!

కాబట్టి రంగు చూసి అసలో నకిలీయో తేల్చకండి. తళతళలాడే తేట నీలం ఫ్యాక్టరీలో తయారైందీ కావచ్చు. కొనేటప్పుడు రాయి సహజమైనదేనా, వేడిచేసి రంగు మెరుగుపరిచారా అని అడిగి రాయించుకోండి. మరీ ముదురు నీలాలకు సాధారణంగా ధర తక్కువ. కాశ్మీరు నీలం ధర పోసి వాటిని కొనకండి.

రిపోర్టు చదివి వినిపించాక అత్తయ్యగారు ఉంగరం వేలికి తొడుక్కుని నవ్వారు. "మీ మామయ్యా నలుపేగా! ఆయన్నెవరైనా నకిలీ అన్నారా?"